ముగ్గురూ కలిశారు, నాటకం మాత్రం కదల్లేదు: ఒక సైన్స్ ఫిక్షన్ ఆడియో డ్రామా కేస్ స్టడీ

బ్రిటన్‌లో ఆడియో నాటకాలకి స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. పాత సీరియల్ పాత్రల్ని మళ్ళీ ఒకచోట చేర్చే కథలు ఇక్కడ ఏటా వస్తూనే ఉంటాయి. అలాంటిదొకటి అభిమానుల్ని బాగా నిరాశపరిచింది. దాని తర్వాతి కథని నిలబెట్టడానికి నన్ను పిలిచారు. ఆ పని గురించే ఇది. సంస్థ పేరు, సీరియల్ పేరు, నటుల వివరాలు చెప్పను. గుర్తుపట్టే వీల్లేకుండా కథలో కొన్ని సంగతులు మార్చాను కూడా. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, ఏది పనిచేసిందో, ఏది పనిచెయ్యలేదో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు తెలుగులో ఆడియో కథలు, పాడ్‌కాస్ట్‌లు తీస్తున్నారు. వాళ్ళకి పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

ఈ దేశంలో రేడియోకీ సైన్స్ ఫిక్షన్‌కీ బంధం పాతది. 1953లో బీబీసీలో చార్లెస్ చిల్టన్ రాసిన ‘జర్నీ ఇన్‌టు స్పేస్’ మొదలైంది. నౌకలో నలుగురు మనుషులు, ఒక్కొక్కరిది ఒక్కో తీరు. రేడియో ఆపరేటర్ లండన్ కాక్నీ యాసలో మాట్లాడతాడు, ఇంజనీరు ఆస్ట్రేలియా మనిషి. వినేవాడికి ఎవరు మాట్లాడుతున్నారో చెప్పాల్సిన పనే లేదు. ఈ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ 1963 నవంబర్ 23న టీవీలో మొదలై 1989లో ఆగిపోయింది. 1996లో ఒక టీవీ సినిమా వచ్చిందిగానీ మళ్ళీ సీరియల్‌గా వచ్చింది 2005లోనే. ఆ ఖాళీలో, 1999 జులైలో, బిగ్ ఫినిష్ అనే సంస్థ పాత నటులతో ఆడియో కథలు తీయడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఇదొక స్థిరమైన వ్యాపారంగా మారింది. కారణం ఊహించడం కష్టం కాదు. ముఖం ముసలిదైనంత తొందరగా గొంతు ముసలిదైపోదు. సెట్లు అక్కర్లేదు, మేకప్ అక్కర్లేదు. నలభై ఏళ్ళ కిందట నౌక నడిపిన మనిషి ఇవాళ కుర్చీలో కూర్చుని మళ్ళీ అదే నౌక నడపగలడు.

నా కేసులోని సీరియల్ కూడా అలాంటి పాత టీవీ సీరియలే. సరుకులు మోసే చిన్న అంతరిక్ష నౌక. అందులో కెప్టెన్, దారి చూసే నావిగేటర్, డాక్టర్, మెకానిక్. నావిగేటర్, డాక్టర్ ఇద్దరూ ఆడవాళ్ళు. ప్రయాణమే కథ. వారానికో గ్రహం, వారానికో గండం. కెప్టెన్ వేషం వేసినాయన చాలాకాలం కిందటే పోయారు. మిగిలిన ముగ్గురూ పెద్దవాళ్ళయ్యారు, ఒకరు ఆరోగ్యం బాగాలేక ఇల్లు కదల్లేని స్థితిలో ఉన్నారు. ఒక చిన్న సంస్థ హక్కులు కొని, ముగ్గురినీ ఒప్పించి, రెండు గంటల ఆడియో కథ తీసింది. కథలో కూడా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. పాత సహప్రయాణికులు ముగ్గురూ మళ్ళీ కలుస్తారు, మళ్ళీ నౌక ఎక్కుతారు. ప్రకటన రాగానే ముందస్తు ఆర్డర్లు బాగా వచ్చాయి. రెండో కథకి ముందే ఒప్పందాలు అయిపోయాయి.

వచ్చిన సమస్య

విడుదలయ్యాక వచ్చిన ఉత్తరాలన్నీ నా ముందు పెట్టారు. నటన బాగాలేదని ఎవరూ అనలేదు. తిట్టినవాళ్ళు కూడా తక్కువే. ఎక్కువమంది రాసింది ఒకటే, ఎంతో ఎదురుచూశామని, విన్నాక ఏమీ అనిపించలేదని. సగంలో ఆపేసి మళ్ళీ పెట్టబుద్ధి కాలేదని కొందరు రాశారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మాటే. కోపంతో ఉన్న అభిమాని మళ్ళీ వస్తాడు. ఆపేసి మర్చిపోయినవాడు రాడు.

సంస్థలో ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. విలన్‌లో బలం లేదని ప్రొడ్యూసర్ అన్నారు. ముగ్గురినీ వేరువేరు రోజుల్లో రికార్డ్ చెయ్యడం వల్ల కలివిడి రాలేదని డైరెక్టర్ అన్నారు. సౌండ్ డిజైనర్ బడ్జెట్ గురించి మాట్లాడాడు. అందరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఇలాంటి సందర్భంలో కారణాలు వినడం కంటే ముందు నాటకం వినాలి. అందుకే స్క్రిప్ట్ తీసుకోకుండా, వెనకటి ఎపిసోడ్లు మళ్ళీ చూడకుండా, ఆడియో మాత్రమే విన్నాను. ఎక్కడ మనసు పక్కకి పోయిందో అక్కడ టైమ్ రాసుకున్నాను.

ఆ గుర్తులన్నీ చూస్తే ఒక సంగతి తేలింది. విలన్ ఉన్న చోట కాదు నేను జారిపోయింది. ముగ్గురూ కలిసి మాట్లాడుకునే చోట్ల. అంటే దేనికోసమైతే జనం డబ్బు పెట్టి కొన్నారో సరిగ్గా అక్కడ.

తర్వాత స్క్రిప్ట్ తీశాను. ముగ్గురూ మొదటి కొద్ది నిమిషాల్లోనే కలుస్తారు. కలవడం ఇలా ఉంది:

“అరె, నువ్వా! ముప్ఫై ఏళ్ళయింది కదూ! మంచు గ్రహం మీద యంత్రమనుషుల నుంచి తప్పించుకున్న రోజు గుర్తుందా?”

“గుర్తులేకేం! ఆ రోజు కూడా నువ్వు ఇలాగే ఆలస్యంగా వచ్చావు!”

“కెప్టెన్ ఉంటే ఇప్పుడు ఏమనేవాడో!”

అందరూ నవ్వుతారు. తర్వాత పక్క గదిలో ఏదో పేలుతుంది. అంతే, కలుసుకోవడం అయిపోయింది. పెళ్ళింట్లో చాలాకాలానికి కనిపించిన దూరపు బంధువులు బాగున్నారా అంటే బాగున్నారా అనుకుని భోజనాల వైపు నడిచినట్టుంది. మిగతా గంటా ముప్పావు వాళ్ళకి ఒకరితో ఒకరికి పని లేదు. విలన్‌తోనే పని.

ప్రతి డైలాగ్ పక్కన ఇది ఎవరితో అంటున్నారు అని రాసుకుంటూ పోవడం నాకు అలవాటు. మంచు గ్రహం గుర్తుందా అని నావిగేటర్ మెకానిక్‌ని అడగడం లేదు. అతనికి గుర్తుంటుందని ఆమెకి తెలుసు. ఆ మాట అభిమానితో అంటోంది. స్క్రిప్ట్‌లో ఇలాంటివి పేజీకి మూడు నాలుగు ఉన్నాయి. టీవీలో అయితే ఇలాంటి మాట అంటున్నప్పుడు కూడా ముఖం ఇంకేదో చెప్పగలదు, కళ్ళు తప్పించుకోవచ్చు, చెయ్యి వణకొచ్చు. ఆడియోలో ఆ మాట తప్ప ఇంకేమీ లేదు. మాట వాళ్ళిద్దరి మధ్య లేకపోతే వాళ్ళిద్దరూ ఒకచోట లేనట్టే.

ఇంకో లోపం చెవికి సంబంధించింది. దీన్ని పట్టుకోవడానికి సీరియల్ గురించి ఏమీ తెలియని ఒకరికి ఒక సీన్ వినిపించి, ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో చెప్పమన్నాను. కొద్దిసేపటికే తికమక పడ్డారు, ముఖ్యంగా పేర్లు పిలుచుకోని చోట్ల. పాత ఎపిసోడ్లలో ఈ ఇబ్బంది లేదు. సాధారణంగా వయసు పైబడేకొద్దీ మగవాళ్ళ గొంతు శ్రుతి కొంచెం పైకి జరుగుతుంది, ఆడవాళ్ళది కిందికి దిగుతుంది. ఒకప్పుడు దూరదూరంగా ఉన్న మూడు గొంతులు ముప్ఫై ఏళ్ళలో దగ్గరికి వచ్చేశాయి. రచయిత తలలో మాత్రం పాత గొంతులే మోగుతున్నాయి. అందుకే ముగ్గురికీ ఒకే పొడుగు వాక్యాలు, ఒకే రకం చమత్కారం రాశాడు. పాత్రల పేర్లు అట్టముక్కతో కప్పి స్క్రిప్ట్ చదివితే ఏ డైలాగ్ ఎవరిదో నేను కూడా చెప్పలేకపోయాను. ‘జర్నీ ఇన్‌టు స్పేస్’లో నలుగురికీ నాలుగు తీరులు పెట్టడం వెనక ఎంత ఆలోచన ఉందో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

మూడో మనిషి సంగతి కూడా ఉంది. ఆడియోలో మాట్లాడనివాడు లేనట్టే లెక్క. ఇద్దరు ఒక పేజీ మాట్లాడుకుంటే మూడోవాడు గదిలోంచి మాయమైపోతాడు. అలా మాయం కాకుండా రచయిత ప్రతి పేజీలోనూ మూడోవాళ్ళ చేత “అవును”, “జాగ్రత్త”, “నాకూ అలాగే అనిపిస్తోంది” అనిపించాడు. దాంతో ప్రతి సీన్ మీటింగులా తయారైంది.

పనిచెయ్యనివి

మొదట ప్రొడ్యూసర్ కోరిక మీద విడుదలైన కథనే రీమిక్స్ చేసి చూశాం. ముగ్గురినీ స్టీరియోలో ఎడమ, మధ్య, కుడి పెట్టాం. నౌకలో ఒక్కో గదికి ఒక్కో ప్రతిధ్వని ఇచ్చాం. ఇంటి దగ్గర రికార్డ్ చేసిన నటి మైక్‌కి బాగా దగ్గరగా కూర్చోవడంతో గొంతులో బేస్ పెరిగి మిగతా ఇద్దరితో కలవకుండా ఉంది. దాన్ని తగ్గించి సరిచేశాం. దీని వెనక తర్కం సబబైనదే. గొంతులు కలిసిపోవడం కొంతవరకు సాంకేతిక సమస్య, దానికి సాంకేతిక పరిష్కారం చవక. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే స్పష్టంగా బాగుపడింది కూడా. అయితే జనం ఇలాంటివి వినేది వంట చేస్తూ, కారు నడుపుతూ, ఒక చెవిలోనే ఇయర్‌బడ్ పెట్టుకుని. అక్కడ ఎడమా కుడీ ఉండవు. పైగా గొంతులు స్పష్టంగా విడివడ్డాక డైలాగుల్లో ఏమీ లేదన్న సంగతి మరింత స్పష్టంగా వినిపించింది. రీమిక్స్ పక్కన పెట్టేశాం.

రెండో కథ మొదటి డ్రాఫ్ట్‌లో రచయిత మెకానిక్‌ని కథకుడిగా పెట్టాడు. ఎవరు ఎక్కడున్నారో, ఏం జరుగుతోందో అతనే చెబుతాడు. తికమక పోయింది. దాంతోపాటు ఉత్కంఠ కూడా పోయింది. జరిగిపోయిన సంగతి తీరిగ్గా చెబుతున్నవాడు బతికే ఉన్నాడని వినేవాడికి తెలుసు. అంతకంటే ముఖ్యంగా, మెకానిక్ ఇద్దరాడవాళ్ళతో చెప్పాల్సినదంతా వాళ్ళతో కాకుండా మనతో చెప్పేస్తున్నాడు. జబ్బు అదే, మందు మారింది అంతే.

ఆ తర్వాత పాత సీరియల్‌లో అందరికీ నచ్చిన విలన్‌ని వెనక్కి తేవాలన్న ఆలోచన వచ్చింది. స్క్రిప్ట్ చదివే రోజున ముగ్గురు నటులూ సరదాపడ్డారు. నాకు ఆశ కలిగింది కూడా. చదవడం అయ్యాక ఒక ప్రశ్న వేసుకున్నాం. ఈ ముగ్గురి స్థానంలో వేరే ముగ్గుర్ని పెడితే కథ మారుతుందా? మారదు. విలన్ మారాడు, ముగ్గురూ మాత్రం మళ్ళీ పక్కపక్కన నిలబడి ఒకే వైపు చూస్తున్నారు.

ఇదే సమయంలో ఇంకొకరు కెప్టెన్ గొంతుని కంప్యూటర్ సాయంతో మళ్ళీ తయారుచేద్దామన్నారు. నలుగురూ కలిస్తేనే అసలు కలయిక అన్నది వాళ్ళ వాదన. నేను గట్టిగా వద్దన్నాను. పోయినాయన తన గొంతుని ఇలా వాడుకోమని ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. నాకు ఆ ఒక్క కారణమే చాలు. వేరే నటుడితో వేయిద్దామన్న మాట కూడా వచ్చింది. దానికి ఒక మంచి ఉదాహరణ చూపించారు. 1978లో బీబీసీ రేడియోలో మొదలైన ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ 2004లో మళ్ళీ వచ్చేసరికి గైడ్ గొంతుగా ఉన్న పీటర్ జోన్స్ లేరు. విలియం ఫ్రాంక్లిన్ ఆ పని చేశారు, శ్రోతలు ఒప్పుకున్నారు. నిజమే. కానీ అక్కడ ఆ గొంతు ఒక పుస్తకానిది. కథలో మనుషులతో కలిసి నడిచే మనిషిది కాదు. మన కథలో కెప్టెన్ లేకపోవడం ముగ్గురికీ ఒక గాయం. గాయాన్ని పూడ్చేస్తే కథ ఉండదు.

ఆ వాదనలోనే దారి దొరికింది.

పనిచేసినవి

రచయితతో కూర్చుని ఒకే ప్రశ్న పట్టుకున్నాం: ప్రాణాలకి తెగించి కలిసి తిరిగిన వీళ్ళు ముప్ఫై ఏళ్ళు ఎందుకు కలుసుకోలేదు? మొదటి కథలో దీనికి ఉన్న జవాబు, ఎవరి పనుల్లో వాళ్ళున్నారు అని. నిజజీవితంలో అది చాలా మామూలు జవాబు. నాటకంలో అది తలుపు మూసేసే జవాబు.

కొత్త జవాబు ఇలా తయారైంది. కెప్టెన్ పోయిన రాత్రి ఆపద సంకేతం ఒకటి వచ్చింది. నావిగేటర్ దాన్ని విని కూడా నౌకని వెనక్కి తిప్పలేదు. డాక్టర్ శవాన్ని చూడకుండానే మరణ ధ్రువపత్రం మీద సంతకం పెట్టింది. మెకానిక్‌కి ఈ రెండూ తెలియవు. కెప్టెన్ తమని వదిలి వెళ్ళిపోయాడని నమ్మి, ఆ కోపంతోనే ముసలివాడయ్యాడు. ఒకే రాత్రి గురించి ముగ్గురి దగ్గరా మూడు కథలున్నాయి. ఇప్పుడు అదే సంకేతం మళ్ళీ వస్తోంది. ఇక పాత విషయం ఎత్తడం అభిమానుల కోసం కాదు. ఎత్తితే ఎవరికో నష్టం ఉంది. ఎత్తకపోతే సంకేతం వచ్చే చోటికి చేరలేరు.

కెప్టెన్ గొంతు ఎక్కడా వినిపించదు. సంకేతం ఒక లయ మాత్రమే, మూడు పొడుగు, ఒకటి పొట్టి.

తర్వాతి నిర్ణయం మీద పెద్ద చర్చే జరిగింది. ముగ్గురినీ ఎప్పుడు కలపాలి? అట్ట మీద మూడు పేర్లున్నాయి, మొదటి భాగంలోనే మూడు గొంతులూ వినపడకపోతే జనం మోసపోయామనుకుంటారని ప్రొడ్యూసర్ భయం. ఆ భయానికి ఆధారం ఉంది, కొట్టిపారెయ్యలేదు. నేను చూపించిన ఉదాహరణ బిగ్ ఫినిష్ మొట్టమొదటి ‘డాక్టర్ హూ’ కథ, 1999లో వచ్చిన ‘ది సైరెన్స్ ఆఫ్ టైమ్’. అందులో ముగ్గురు డాక్టర్లున్నారు, అంటే ఆ సీరియల్ కథానాయకుడైన ‘డాక్టర్’ పాత్రని వేరువేరు కాలాల్లో వేసిన ముగ్గురు నటులు. మొదటి మూడు భాగాలూ ఒక్కొక్కటి ఒక్కొక్కరివి. ముగ్గురూ కలిసేది నాలుగో భాగంలోనే. కలయిక కోసం కొన్న శ్రోత కలయిక కోసం ఎదురుచూడగలడు, అది వస్తోందన్న నమ్మకం ఉంటే. చివరికి మధ్యేమార్గం కుదిరింది. మొదటి భాగంలో నావిగేటర్, మెకానిక్ కలుస్తారు. డాక్టర్ గొంతు రేడియోలో వినిపిస్తుంది. ఆమె వాళ్ళ ముందుకి వచ్చేది చివరి భాగంలోనే.

డాక్టర్‌ని ఎంచుకోవడానికి అసలు కారణం, ఇల్లు కదల్లేని నటి ఆమే కావడం. మొదటి కథలో ఆమె దూరాన్ని దాచడానికి ఎంతో కష్టపడ్డారు. ఈసారి దాచకూడదనుకున్నాం. ఆమె వేరే నౌకలో ఉంది, అది ఆసుపత్రి నౌక. మొదట ఇద్దరి మధ్యా భూమికీ చంద్రుడికీ ఉన్నంత దూరం, అంటే సుమారు 3,84,000 కిలోమీటర్లు. రేడియో తరంగాలు సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి కాబట్టి ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. ఇది సైన్స్, మనం కల్పించింది కాదు. నాటకానికి ఇంతకంటే మంచి వరం ఏముంటుంది? “ఆ కాగితం మీద సంతకం నీదేనా?” అని నావిగేటర్ అడుగుతుంది. రెండున్నర సెకన్లు. మామూలు సంభాషణలో అది చాలా పెద్ద ఖాళీ. ఆ ఖాళీ దూరం వల్ల వచ్చిందా, చెప్పలేక ఆగిందా అన్నది నావిగేటర్‌కి తెలియదు, మనకీ తెలియదు. నౌకలు దగ్గరయ్యేకొద్దీ ఆ ఖాళీ సీన్ సీన్‌కీ తగ్గుతుంది. చివరి భాగంలో ఖాళీ అనేదే ఉండదు, మాట మీద మాట పడుతుంది. చెవి ఆ మార్పుని తనంతట తానే పట్టుకుంటుంది, వివరించక్కర్లేదు.

దీన్ని అమలు చెయ్యడంలో ఒక చిక్కు వచ్చింది. కొన్ని పాడ్‌కాస్ట్ యాప్‌లు నిశ్శబ్దాన్ని వాటంతటవే కత్తిరించేస్తాయి. అసలైన నిశ్శబ్దం పెడితే శ్రోతల్లో కొందరికి మన రెండున్నర సెకన్లు అరసెకను అయిపోతాయి. మిగతావాళ్ళు ఫోన్ ఆగిపోయిందనుకుని చూసుకుంటారు. అందుకని ఖాళీల కింద రేడియో లైన్ సన్నటి గరగర నడిచేలా పెట్టాం. ఎంత శబ్దం ఉంటే యాప్ దాన్ని కత్తిరించదో, ఎంత దాటితే చిరాకు పుడుతుందో రకరకాల ఫోన్లలో పెట్టి చూసి స్థిరం చేసింది సౌండ్ డిజైనరే. బడ్జెట్ గురించి మొదట్లో నీరసంగా మాట్లాడిన మనిషి ఈ పనిలో పడ్డాక రాత్రిళ్ళు కూడా ఫైళ్ళు పంపేవాడు.

వర్ణన మాటల సంగతి కూడా ఇక్కడే తేలింది. మొదటి కథ నిండా “చూడు, ఆ ఎర్రటి తలుపు తెరుచుకుంటోంది!” లాంటివే. 1924 జనవరి 15న బీబీసీ ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూస్ నాటకం దీపాలు ఆరిపోయిన బొగ్గుగనిలో జరుగుతుంది. పాత్రలకి కూడా ఏమీ కనపడదు కాబట్టి వాళ్ళకీ శ్రోతకీ తేడా లేదు. వందేళ్ళయినా ఆ ఉపాయానికి పదును తగ్గలేదు. పాత నౌకని తుక్కు కింద పడేసిన చోట, కరెంటు లేకుండా, చీకట్లో మొదటి సీన్ పెట్టాం. మెకానిక్ ఏదో బిగిస్తుంటాడు. ఆమె లోపలికి వస్తుంది.

“తలుపు మూసెయ్. గాలి పోతోంది.”

(తలుపు. పానా తిరుగుతున్న చప్పుడు, నెమ్మదిగా, ఆగి ఆగి.)

“ఇంత నెమ్మదిగా తిప్పేవాడివి కాదు.”

(పానా ఆగింది.)

“కుడి చెయ్యి పనిచెయ్యదు.”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు వెళ్ళిన ఏడాది నుంచి.”

మంచు గ్రహం లేదు, యంత్రమనుషులు లేరు. పేర్లు కూడా లేవు. అయినా ఇద్దరికీ ఎంత పాత పరిచయమో, ఆ పరిచయంలో ఎంత బాకీ ఉందో తెలిసిపోతుంది. పానా వేగం ఆమె విన్నది, మనమూ విన్నాం. చీకట్లో వచ్చింది ఎవరో అతనికి ఆ రెండో మాటతోనే అర్థమైంది, అందుకే పానా ఆగింది.

గొంతుల సమస్యని రాతలోనే పరిష్కరించాం. మెకానిక్‌వి ముక్కలు ముక్కలు, ఎక్కువగా పనిముట్ల గురించి. నావిగేటర్ ప్రశ్నలు వేస్తుంది, తనని అడిగితే ఇంకో ప్రశ్న వేస్తుంది. డాక్టర్ మాత్రమే పూర్తి వాక్యాలు మాట్లాడుతుంది, సంతకం గురించి అడిగినప్పుడు తప్ప. అప్పుడు ఆమె వాక్యం విరుగుతుంది. పేర్లు కప్పి చదివే పరీక్షలో ఈసారి ఎక్కడా అనుమానం రాలేదు. ముగ్గురూ ఉండే సీన్లు చివరి భాగానికే పరిమితం చేశాం. మిగతావన్నీ ఇద్దరివే.

రికార్డింగ్‌కి వస్తే, నావిగేటర్, మెకానిక్ ఇద్దరినీ ఒకే రోజు ఒకే స్టూడియోలో పక్కపక్క రికార్డింగ్ గదుల్లో పెట్టాం. మధ్య అద్దం, ఒకరికొకరు కనపడతారు. గదులు వేరైతే గొంతులు వేరే ట్రాకుల్లో పడతాయి, మాటలు ఒకదాని మీద ఒకటి పడినా తర్వాత ఎడిట్ చేసుకోవచ్చు. డాక్టర్ నటి రేడియో సీన్లు ఇంట్లోనే విడిగా చెప్పారు, కథలో ఆమె ఉన్నదే విడిగా కాబట్టి అతుకు తెలియలేదు. చివరి సీన్‌కి మాత్రం నేను పట్టుబట్టి ముగ్గురినీ లైన్‌లో కలిపించాను. ఆమె ఇంట్లో రికార్డింగ్ అక్కడే నడుస్తుంది, వీళ్ళ గొంతులు ఆమె హెడ్‌ఫోన్స్‌లో వినపడతాయి. ఇంటర్నెట్ ఆలస్యం కొంచెం ఉంటుంది, ఎడిట్‌లో సర్దొచ్చు. ఒకరి మాట విని ఊపిరి మారడాన్ని మాత్రం ఎడిట్‌లో తయారుచెయ్యలేం. మెకానిక్ “నాకెందుకు చెప్పలేదు?” అన్నప్పుడు అవతల ఆమె ఊపిరి పట్టి వదిలింది. స్క్రిప్ట్‌లో అది లేదు. ఆ టేకే ఉంచాం.

పాత సీరియల్‌లోని ఇంజన్ హోరు అభిమానులకి ప్రాణం. మొదటి కథలో మొదటి సెకను నుంచి అదే మోగుతుంది. ఈసారి నౌక తుక్కులో ఉంది కాబట్టి మూడో భాగం దాకా ఆ హోరు వినిపించదు. మెకానిక్ ఎడమ చేత్తో మీట తిప్పాక, రెండుసార్లు దగ్గి, అప్పుడు పట్టుకుంటుంది. మార్కెటింగ్ వాళ్ళు ట్రైలర్‌లో పెడతామన్నారు. పెట్టనివ్వలేదు.

ఏం జరిగింది, ఏం మిగిలింది

రెండో కథకి ముందస్తు ఆర్డర్లు మొదటిదాని కంటే తక్కువే వచ్చాయి. నిరాశపడిన జనం ఒక పట్టాన నమ్మరు, అది వాళ్ళ హక్కు. కానీ వచ్చిన ఉత్తరాల తీరు మారింది. నావిగేటర్ చేసింది తప్పా కాదా అని శ్రోతలు వాదించుకున్నారు. డాక్టర్‌ని క్షమించకూడదని కొందరు రాశారు. మొదటి కథ గురించి అలాంటి వాదన ఒక్కటి కూడా రాలేదు. పాత్రల మీద కోపం తెచ్చుకున్నారంటే వాళ్ళని మనుషులుగా ఒప్పుకున్నట్టే. నాకు అమ్మకాల కంటే ఆ ఉత్తరాలే ఎక్కువ తృప్తినిచ్చాయి.

సరిపడనివి కూడా ఉన్నాయి. రెండో భాగం సాగింది. సంకేతం వచ్చే చోటికి పోయే దారిలో ఒక కాపలా కేంద్రం దాటాలి, అక్కడ మళ్ళీ పాత పద్ధతిలో పరుగులు, పేలుళ్ళు పెట్టాం. ప్రయాణ కథలో ప్రయాణం ఉండాలి కాబట్టి తీసెయ్యలేకపోయాం. అలాగని ఆ పరుగులకీ ఆ రాత్రికీ ముడి పెట్టలేకపోయాం. సాహసం తగ్గిపోయిందని కొందరు పాత అభిమానులు అన్న మాట న్యాయమైనదే. వాళ్ళు ప్రేమించింది వారానికో గ్రహం చూపించిన సీరియల్‌ని. ముగ్గురు పెద్దవాళ్ళు చీకట్లో మాట్లాడుకోవడం వాళ్ళు అడిగింది కాదు. గాయాన్నీ సాహసాన్నీ ఒకే పరుగులో ఎలా పెట్టాలన్నది ఈ కేసులో తేలలేదు.

మూడో కథ స్క్రిప్ట్ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అందులో ముగ్గురి మధ్యా రహస్యం లేదు, అన్నీ చెప్పేసుకున్నారు. కలిసి ఒక కొత్త గ్రహం మీద దిగుతారు. ఒకరితో ఒకరికి ఇప్పుడు ఏం పని ఉంది అన్న ప్రశ్నని మొదటి పేజీ పైనే పెన్సిల్‌తో రాసి రచయితకి తిరిగి పంపాను. జవాబుగా అతను ఒక సీన్ పంపాడు. అందులో మెకానిక్ తనకిక నౌక వద్దంటాడు, నావిగేటర్‌కి నడపడం రాదు. అక్కణ్ణించి రాయమన్నాను.